శని దగ్గర తప్పిపోయిన చందమామ

మా ఆఫీసులో నన్ను ఇప్పటికీ చందమామ సార్ అంటారు. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చిన్న చందమామ జాడ పట్టింది నేనేనని మొన్నటిదాకా వాళ్ళ నమ్మకం. అది నిజం కాదు.

అది గుండ్రంగా కూడా ఉండని రాతిముక్క. శనికి చాలా దూరంగా, పెద్ద చందమామలు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. శాస్త్రవేత్తలు ఒకసారి చూశారు కానీ, దాని దారి సరిగా కొలిచేలోపే తప్పిపోయింది. పెద్ద టెలిస్కోపులు తీసిన పాత చిత్రాలు ఇంటర్నెట్లో ఎవరికైనా దొరుకుతాయి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం నాది. సెలవు రోజుల్లో ఆ చిత్రాల్లో దాన్ని వెతకడం మొదలుపెట్టాను. మా ఆవిడ పక్కన కూర్చునేది.

మా అత్తగారు ఫోనులో కూతురిని దెప్పేవారు. "జనం శని వదలాలని గుళ్ళ చుట్టూ తిరుగుతుంటే, మీరు ఏరికోరి ఇంట్లోకి తెచ్చుకున్నారేంటే?"

అంత మసక చుక్క ఒక్క చిత్రంలో కనబడదు. చాలా చిత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చితే తేలుతుంది. నేను నక్షత్రాలు కదలకుండా చూసుకుని పేర్చాను. వారాలు గడిచినా ఏమీ తేలలేదు.

ఒక ఆదివారం మా ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ తెర వైపు చూసింది. "అది శనితోపాటు నడుస్తుంది కదండీ, నక్షత్రాలకి కట్టేస్తారేం? శని ఎంత జరిగితే చిత్రాన్ని అంత జరపండి."

జరిపాను. కంప్యూటర్ లెక్క పూర్తిచేసేలోపు వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాను. నక్షత్రాలన్నీ గీతలుగా సాగిపోయాయి. వాటి మధ్య ఒకే ఒక చుక్క చుక్కగానే నిలిచింది. నేను దాన్ని మచ్చ అనుకున్నాను. ఆవిడ వేలు పెట్టి చూపించి, "ఇదే" అంది.

కొలతలు నా పేరుతో శాస్త్రవేత్తలకు పంపాను. సరైనవేనని జవాబు వచ్చింది. ఆఫీసులో కుటుంబాల వేడుకకు నన్ను మాట్లాడమన్నారు. నక్షత్రాలను వదిలి శనిని పట్టుకోవాలనే ఆలోచన నాకే తట్టినట్టు చెప్పాను. చివర్లో, "వేళకి టీ అందించిన మా ఆవిడకి కృతజ్ఞతలు" అన్నాను.

మా మేనేజర్ మైకు అందుకున్నాడు. "వదినమ్మకు గూడ చప్పట్లు కొట్టుండ్రి! చాయ్ మస్తుగ పెట్టినట్టుంది!"

హాలంతా నవ్వింది. ముందు వరసలో కూర్చున్న ఆవిడ కూడా నవ్వింది. కారెక్కాక మాత్రం, "ఆ రోజు టీ పెట్టింది మీరు కదండీ" అంది. కోపంగా అనలేదు. సిగ్నల్ పడిందని నేను వేరే మాట ఎత్తాను.

తర్వాత ఆవిడ చిత్రాలు చూడటం మానేసింది. కొన్నాళ్ళకు నిజాంపేటలో వాళ్ళ అక్క ఉండే వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటకే వెళ్ళిందనను. అలాంటి మాటలు నా దగ్గర చాలా ఉండేవి. ఇప్పుడు ఇంట్లో టీవీ ఆపితే లిఫ్టు చప్పుడు వినబడుతుంది.

కొత్తగా చేరినవాళ్ళ ముందు ఆ కథే చెప్పమని మొన్న పిలిచారు. ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేనేజర్ పక్కకు తీసుకెళ్ళి, "ఇన్నేండ్ల సంది మాకు గట్లెందుకు చెప్పినవ్ అన్నా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడకు ఫోన్ చేశాను. అందరికీ చెప్పేశానన్నాను.

"చెప్పారా? మంచిదండీ."

కొత్త చిత్రాలు వచ్చాయని, మళ్ళీ కొలవకపోతే అది మళ్ళీ తప్పిపోతుందని, నా ఒక్కడి వల్ల కావడం లేదని అన్నాను. ఒకసారి వస్తావా అని అడగాలనుకున్నాను.

"అవి కొలిచి పంపేశానండీ. పోయిన నెలే. నా పేరుతోనే." వెనక ఎవరో నవ్వుతున్నారు, కుక్కర్ కూత పెడుతోంది. "ఇంకేమైనా చెప్పాలా?"

లేదన్నాను.