తెల్ల గరిక

చోడవరం నుంచి మాడుగుల పోయే దారిలో ఒక విత్తనాల కంపెనీ వారి వలపందిరి ఉండేది. నూకరత్నం అందులో కూలికి పోయేది. పిరికిదంటే తక్కువ చెప్పినట్టే. వెనకనుంచి స్కూటరు హారన్ కొడితే గుండె పట్టుకునే మనిషి. అలాంటిదానికి దొరికిన పని చూడండి, పొద్దస్తమానం గడ్డికి తెగులు అంటించడం!

తొంభైతొమ్మిది నాటి మాట ఇది. పెద్ద హోటళ్ళ ముందు పరిచే పచ్చిక మీద ఆ కంపెనీ పరిశోధన. పచ్చిక అంటే మరేమీ కాదు, మన గరికే. అందులో ఏ జన్యువు ఏ పని చేస్తుందో తెలియాలంటే దాని నోరు నొక్కి, అంటే పని ఆపించి, చూడాలిట. అందుకని ఒక తెగులు వైరస్‌లో గరిక జన్యువు ముక్కనే ఇరికించేవారు. గరిక ఆ వైరస్ మీద తిరగబడి, ఆ ఊపులో తన సొంత జన్యువు నోరూ నొక్కేసుకునేది. పచ్చదనాన్ని కాచే జన్యువైతే ఆకు పాలలా తెల్లబడేది. ఆకుల మీద గరుకు పొడి చల్లి, వైరస్ రసాన్ని వేళ్ళతో రుద్దడం నూకరత్నం వంతు.

ఈ వైరస్ చెరుకు తెగులుకి దాయాది, ఒక్క పోచ కూడా గడప దాటకూడదని అక్కడ పరిశోధన చేసే హేమశ్రీ మేడమ్ మొదటిరోజే హెచ్చరించింది. ఏడాదిపాటు నూకరత్నం ఆ మాట దాటలేదు. వినాయక చవితి ముందురోజు మాత్రం ఆవిడ బుద్ధి గడ్డి తింది. తమ్ముడు గణపతిరావుకి రెండేళ్ళుగా ఏ పని మొదలెట్టినా అడ్డంకులే. తెల్ల గరిక దేవుడికి మహా ప్రీతని ఎవరో అనగా విన్నది. ఇరవయ్యొక్క పోచలు కణుపులతో సహా తుంచి, చీర కుచ్చిళ్ళలో దోపుకుని, బుచ్చయ్యపేట దగ్గర తమ్ముడి ఇంటికి పట్టుకుపోయింది. పూజ వైభోగంగా జరిగింది.

నెల తిరక్కుండా తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా, సెరుకాకులు తెల్లబడిపోతన్నాయే. మీ మేడమ్‌ని ఓపాలి అడుగు."

నూకరత్నానికి చవితి పూజ గుర్తొచ్చింది. "పూజ పత్రి ఏటి సేసేవురా?" అంది.

"తొక్కకూడదు గదా. తోటలో నీళ్ళ బోదె పక్కన ఏసేను."

మూడు రోజులు ఆవిడకి అదే ధ్యాస. కళ్ళు మూస్తే చాలు, బుచ్చయ్యపేట నుంచి రావికమతం దాకా చెరుకంతా తెల్లగా నిలబడేది. ఊళ్ళకి ఊళ్ళు తన ఇంటిముందుకొచ్చి అడుగుతున్నట్టే ఉండేది. ఇక తట్టుకోలేక నాలుగోనాడు వెళ్ళి ఉన్నదంతా మేడమ్‌కి చెప్పేసింది. హేమశ్రీ చేతిలో పని అక్కడే వదిలేసింది. ఆ వేళే బస్సెక్కి వచ్చి తోట చూసింది. ఆమె చూపంతా చెరుకు మీదే. ఆకులు కోసుకుని పరీక్షకి పట్టుకుపోయింది.

ఫలితానికి వారం పట్టింది. ఆ వారం నూకరత్నం బతికిన బతుకు పగవాళ్ళకి కూడా వద్దు. తీరా చూస్తే వైరస్ లేదు, ఏమీ లేదు. నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన తోట, ఇనుము చాలక తెల్లబడిందంతే. అన్నభేది అనే ఇనుప ఉప్పుని నీళ్ళలో కలిపి కొట్టమంది మేడమ్. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు తీసుకెళ్ళిన గరికంతా ఎండిపోయింది కదా రత్నమ్మా? ఒక్క పోచ బతికున్నా నా ఉద్యోగం, నీ పని రెండూ పోతాయి."

"ఎండిపోనాదమ్మా," అనేసింది నూకరత్నం. చూసి అన్నది కాదు, భయంతో అన్నది.

పదిహేను రోజులకి చెరుకు పచ్చబడింది. తమ్ముడు సంబరంగా తోటకి తీసుకెళ్ళి చూపించాడు. అందరూ పైకి చూస్తుంటే ఆవిడ కిందికి చూసింది. బోదె గట్టున గరిక వేళ్ళు పోసుకుని ఉంది. రెండు కొమ్మలు పచ్చవి. మూడోది పాలలా తెల్లగా, నీటి వైపు పాకుతోంది.

గోళ్ళతో తవ్వి, కొంగులో మూటగట్టి, ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టింది. మరుసటి ఆదివారం వెళితే మళ్ళీ రెండు మొలకలు. ఎవరికి చెప్పుకుంటుంది? లేదని చెప్పిన నోరు తనదే.

ఆ చలికాలమంతా ఆదివారం వచ్చేసరికి నూకరత్నం కొడవలి పట్టుకుని ఆ గట్టు చెక్కుతూనే ఉంది. ఎందుకని అడిగిన వాళ్ళకి, ఆవుకి గడ్డి అని చెప్పేది. గణపతిరావు ఆ మాట విని ఊరుకునేవాడు కానీ, అప్పకి మతి చలిస్తోందేమోనని అతనికి లోపల్లోపల భయం పట్టుకుంది. అప్ప ఇంట్లో ఆవు లేదు.