ఓడ దిగని పెద్దమనిషి

సింగపూర్‌లోని సెరంగూన్‌లో మా పక్క ఫ్లాట్ అంకుల్‌కు ఫోనులో పంచాంగం చూడనిదే కాలు కదలదు. ఇంజనీరింగ్ చదివి వంతెనలు కట్టించిన మనిషి! మూఢత్వానికి డిగ్రీ అడ్డు కాదనడానికి ఆయనకు మించిన రుజువు నాకు దొరకలేదు.

ఒక వేసవిలో ఆ దంపతులతో కలిసి ఉత్తర ధ్రువం వైపు ఓడ ప్రయాణానికి వెళ్లాను. మంచుకొండల కింద ఒక చిన్న రేవులో ఓడ ఆగింది. అక్కడి జాలరుల పాత చెక్క ఇళ్లు చూడాలని, తెడ్ల పడవ ఎక్కాలని ఆంటీ ఏడాదిగా ఎదురుచూసింది. ఓడ ఉండేది ఆ ఒక్క పూటే. అంకుల్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"రాహుకాలం. వెయిట్ చెయ్యి."

"అది సింగపూర్ టైమ్ అంకుల్. పొద్దు పొడుపును బట్టి, పొద్దు గూకడాన్ని బట్టి కదా ఆ లెక్క? ఇక్కడ పొద్దే గూకదు," అన్నాను.

"నీకన్నీ వాదనలే. రాహువుకు ఊరేమిటయ్యా?"

ఆంటీ బూట్ల లేసులు బిగించింది. "మీ రాహువును మీరు చూసుకోండి. నేను పోయొస్తా."

రాహుకాలం వెళ్లాక ఆయనను దుర్ముహూర్తం పట్టుకుంది. ఆంటీ మోకాళ్ల దాకా తడిసి, నవ్వుతూ ఓడెక్కింది.

"ఏం కాలేదు కదా?" అన్నాడు ఆ మహానుభావుడు.

"అయింది. పడవ నేనే నడిపా."