పెట్టె అడుగున తెల్లచీర

మారేడ్‌పల్లిలో విమలమ్మ టీచరంటే తెలియని క్రైస్తవ కుటుంబం లేదు. మిషన్ బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైన మనిషి. కుట్టు వంకర పోతే ఎవరి బిడ్డ అని చూసేది కాదు, విప్పించి మళ్లీ కుట్టించేది. నరసాపురం నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్లయినా గోదావరి యాస వదల్లేదు, నోటి దురుసూ వదల్లేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, సామ్యూల్. తొంభై నాలుగు వానాకాలంలో, ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కోడలు దేవకృప, ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. అతని పేరిట రావలసిన డబ్బు కాగితాలు ఆఫీసులో బల్ల మీంచి బల్లకు తిరుగుతూనే ఉన్నాయి. ఇల్లు విమలమ్మ పెన్షన్‌తోనే గడుస్తోంది.

డిసెంబరు వచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు క్రిస్మస్ పండుగ చేయరు. గుమ్మానికి నక్షత్రం కట్టరు, పొయ్యి మీద బాణలి పెట్టరు, కొత్త బట్టలు తొడగరు. పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే చర్చి వాళ్లు నక్షత్రం లేని గుమ్మం చూసి మెల్లగా దాటిపోతారు. ఈ కట్టుబాట్లన్నీ విమలమ్మకు కంఠతా వచ్చు. నలుగురి చేతా పాటింపజేసిందీ ఆమే.

ఒక సాయంత్రం ఆరేళ్ల ఎమిలీ వచ్చి అడిగింది. "నాయనమ్మా, డాడీ లేకపోతే యేసుప్రభువు మనింట్లో పుట్టడా?"

విమలమ్మ పిల్లను దగ్గరకు తీసుకుంది. కొడుకు కోసం ఏడవడానికి తనకు మిగిలిన బతుకంతా ఉంది, ఈ పిల్లలకు పసితనం మళ్లీ రాదు కదా అనుకుంది.

మర్నాడు కోడలిని పిలిచింది. "నక్షత్రం వద్దు, పిండివంటలూ వద్దు. పిల్లలిద్దరికీ మంచి బట్టలేసి చర్చికి తీసుకెళ్దాం. అంతే పండగ."

"బట్టలు యాడికెల్లి తెస్తం అత్తమ్మా?" అంది దేవకృప నీరసంగా.

విమలమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. అడుగున ఆమె పెళ్లినాటి తెల్ల పట్టుచీర ఉంది. ఆ తరం ఆడవాళ్లు పెళ్లిచీరను దాచుకునేది సమాధికి. ఏ చీరలో పెళ్లికూతురయ్యారో ఆ చీరలోనే ప్రభువు దగ్గరకు వెళ్లాలని వాళ్ల ఆశ. "నన్ను దీన్లోనే పంపండి" అని విమలమ్మ ఇంట్లో ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు కత్తెర చేతిలోకి తీసుకుంది.

దేవకృప ఆమె చెయ్యి పట్టేసుకుంది. "వద్దు అత్తమ్మా! గిట్ల చేస్తే రేపు మీకేం కడతం?"

"ప్రభువు చీర చూసి తలుపు తీత్తాడేంటే? ఒదులు చెయ్యి. వంకరగా తెగుద్ది."

దేవకృప చెయ్యి వదిలి చీర కొస పట్టుకుంది. ఎమిలీకి గౌను, తమ్ముడికి చొక్కా తయారయ్యాయి.

పండుగ పొద్దున్నే పక్కింటి రాజులమ్మ గిన్నెడు అరిసెలు తెచ్చింది. శ్రీకాకుళం మనిషి. "మీ ఇంట బాణలి ఎట్టకూడదు గానీ, మా ఇంట ఎడితే తప్పేటి టీచరమ్మా? ఏటా మీరే ఎట్టారు, ఈయేడు మేం ఎట్టాం." పిల్లలు చెరొకటి అందుకున్నారు. దేవకృప గుడ్ల నీరు కుక్కుకుంది.

చర్చిలో ఒకావిడ ఊరుకోలేకపోయింది. "పిల్లలకి కొత్త బట్టలు తొడిగారేంటి, ఏడాది తిరక్కుండా?"

"కొత్తవెక్కడియమ్మా, నలభయ్యేళ్ల పాతవి" అంది విమలమ్మ. ఆ మాట గట్టిగానే అంది. పాట మొదలవగానే పాటల పుస్తకం పిల్లల చేతికిచ్చింది. పాటంతా పిల్లలిద్దరే ఎలుగెత్తి పాడారు.

పదేళ్లు దాటాక విమలమ్మ కన్నుమూసింది. స్నానం చేయించిన ఆడవాళ్లు ఏ చీర కడదామని అడిగారు. దేవకృప లోపలికి వెళ్లి, తనకని దాచుకున్న తన పెళ్లిచీర తెచ్చింది. కుచ్చిళ్లు తనే పోసి అత్తకు కట్టింది.