బొట్టును మింగిన ఫిల్ము

నాది మొదటి నుంచీ నోటి దురుసు. మా ఆయన గుట్టు మనిషి. గోదావరిఖనిలో ఇద్దరం కలిసి ఫొటో స్టూడియో నడిపిన రోజుల్లో మా మధ్య వచ్చిన గొడవల్లో సగం నా నోటి వల్లనే వచ్చాయి, మిగతా సగం ఆయన మౌనం వల్ల. ఇప్పుడు చెప్పబోయేది ఆయన మౌనం తెచ్చిపెట్టిన గొడవ. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి.

అప్పట్లో గనులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. మా దగ్గర గనిని బాయి అంటారు. నాగలి వదిలేసి వచ్చినవాళ్లూ, బెల్లంపల్లి నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లూ కంపెనీ క్వార్టర్లలో దిగుతున్నారు. బజార్లో మా దుకాణం. ముందర కెమెరా గది, వెనక చీకటి గది, దాని వెనక మా కాపురం. ఫొటో తీసి కడగడం ఆయన పని. అచ్చు వేసిన ఫొటోల మీద తెల్ల మచ్చలుంటే సన్న కుంచెతో సరిచేయడం నా పని. కుంచె మొన సరిగ్గా ఉందో లేదో ఖాళీ ఫిల్ము డబ్బా మూత లోపల నాలుగు చుక్కలు పెట్టి చూసుకునేదాన్ని. ఆ డబ్బాలను చిత్తు కాగితాలవాడు వచ్చి మంచి రేటుకు కొనుక్కుపోయేవాడు. ఖాళీ అట్ట డబ్బాలకు అంత గిరాకీ ఎందుకో నాకు తట్టనే లేదు.

ఏళ్ల తరబడి మేం వాడింది ఒకే విదేశీ కంపెనీ ఫిల్ము. దుకాణం బోర్డు మీద కూడా ఫారిన్ ఫిల్ము అని పెద్ద అక్షరాలతో రాయించాడు మా ఆయన. ఆ ఫిల్ముకు ఎరుపు కనపడదు. అందుకే చీకటి గదిలో ఎర్ర బల్బు వేసుకుని, చూసుకుంటూ కడిగినా దానికి ఏమీ కాదు. ఎర్రగా ఉన్నదేదైనా ఫొటోలో నల్లగా వస్తుంది. ఆడవాళ్ల కుంకుమబొట్టు కాటుక పెట్టినట్టు నల్లగా, గుండ్రంగా పడేది. అది ఫిల్ము గుణం అని ఎవరికీ తెలియదు. ఫొటో అంటేనే అంత అనుకునేవారు.

తర్వాత సరుకు రావడం తగ్గింది. దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. అట్లాంటప్పుడు పట్నం నుంచి ఒక ఏజెంటు సంచీ వేసుకుని వచ్చాడు. అదే కంపెనీ పేరు, అదే డబ్బా, కావాల్సినంత సరుకు. మా ఆయన మారుమాట లేకుండా కొన్నాడు. మొదటి విడత కడిగిన రోజున ఫిల్ములన్నీ మసిగుడ్డల్లా నల్లగా బయటికొచ్చాయి. ఫిల్ము కడిగే మందు చెడిపోయిందేమో అని పారబోసి కొత్త మందు కలిపాడు. మళ్లీ అంతే. మూడోసారి ఏం చేశాడో నాకు తెలియదు గానీ, బయటికి వచ్చి ఇక మీదట ఫిల్ము కడిగేటప్పుడు ఎర్ర బల్బు వెయ్యొద్దు అన్నాడు. ఎందుకు అని అడిగితే ఊకోమన్నాడు. ఆయన ఊకోమన్నాడంటే లోపల ఏదో దాచిపెట్టాడన్నమాటే.

నిజం చెప్పాలంటే కొత్త ఫిల్ము మాకు కలిసొచ్చింది. నల్ల మొహాలు కూడా చామనచాయగా వస్తున్నాయి. కంపెనీ గుర్తింపు కార్డుల పని మాకే వచ్చింది. ఆ నెలంతా మగవాళ్ల మొహాలే. తమ మొహం అంత తెల్లగా ఉందా అని మురిసిపోయి ఇంకో రెండు కాపీలు అడిగేవారు. ఫారిన్ ఫిల్ము తడాఖా అని మా ఆయన మీసం దువ్వేవాడు. నేనూ సంబరపడ్డాను, ఎందుకు దాచాలి. బతుకమ్మకు తల్లిగారింటికి పోయి మూడు వారాలు ఉండి వచ్చాను.

తిరిగొచ్చిన మధ్యాహ్నం దుకాణం మెట్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మా వెనక వరుస క్వార్టర్ల మనిషే, ముఖపరిచయం ఉంది. ఒళ్లో గుడ్డలో చుట్టిన ఫొటో. మా ఆయన లోపలికి పోయి కూర్చున్నాడు, బయటికి రావడం లేదు. ఆమె గుడ్డ విప్పి ఫొటో నా చేతిలో పెట్టింది.

"నా కోడలు నొసలు సూడు బిడ్డా."

చూశాను. కొత్త జంట, నేను ఊళ్లో లేనప్పుడు దిగిన ఫొటో. పిల్లవాడు నిలబడ్డాడు, పిల్ల కుర్చీలో కూర్చుంది. మెడలో నల్లపూసలు, చేతినిండా గాజులు, నొసటన మాత్రం ఏమీ లేదు. బొట్టు చెరిగినట్టు కూడా లేదు. అసలు ఎన్నడూ పెట్టుకోనట్టు నున్నగా ఉంది.

మా దగ్గర పెళ్లయిన నెలలో జంట ఫొటో దిగి, గడపకు ఎదురుగా గోడకు తగిలిస్తారు. మగవాడు డ్యూటీకి బయల్దేరితే పెళ్లాం ఎదురు వస్తుంది. ఆమెకు వీలుకాని పొద్దున ఆ ఫొటో మొహం చూసి పోతాడు. బాయిలోకి దిగేవాడికి బోసి నొసలు ఎదురైతే ఆ షిఫ్టుకు పోడు, ఎవరు ఎన్ని చెప్పినా పోడు. అట్లాంటిది ఇప్పుడు వాళ్లింట్లో గోడ మీంచి రోజూ బోసి నొసలే ఎదురొస్తోంది. కొడుకు మొదటి రోజు సగం దారిలోంచి వెనక్కి వచ్చాడట. తర్వాత జ్వరమన్నాడట. నాగాల మీద నాగాలు. ఉద్యోగం పోతుందని భయపడి ఒకరోజు దిగితే పక్కన బండ రాలి చెయ్యి చీరుకుపోయింది. అంతే, ముసలావిడ ఫొటో గోడ మీంచి తీసేసి, కోడలిని బెల్లంపల్లిలో తల్లిగారింటికి పంపేసింది. ఆ పిల్ల రాతలో అయిదోతనం లేదు, కులపెద్దలను కూర్చోబెట్టి తెంపుకుంటాం అంది. తెంచే ముందు ఒకసారి ఫొటో తీసినవాళ్లను అడుగుదామని వచ్చిందట.

ఆమెను గయ్యాళి అనుకోవద్దు. ఆమె మొగుడు బెల్లంపల్లి బాయిలోనే పోయాడు. బోసి నొసలు ఎట్లా ఉంటుందో రోజూ అద్దంలో చూసుకునే మనిషి. నేను ఫొటోలో ఏదో తేడా వచ్చి ఉంటుంది అవ్వా అంటే, మనిషి అబద్ధం ఆడతాడు గానీ మిషన్ ఆడుతుందా బిడ్డా అని నన్నే అడిగింది. రెండు రోజులు ఆగమని బతిమాలి పంపించాను.

లోపలికి పోయి ఫిల్ము డబ్బాలన్నీ కిందికి దించాను. మా ఆయన వద్దే అంటున్నా వినలేదు. ఒక డబ్బా మూత తిప్పి చూస్తే లోపల నల్లచుక్కలు, నాలుగు, వరసగా. నా కుంచె చుక్కలే. మేం వాడి, చిత్తు కాగితాలవాడికి అమ్మిన డబ్బా కొత్త సరుకు నింపుకుని, కొత్త కాగితం అంటించుకుని మా ఇంటికే వచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు నోరు విప్పాడు. ఏజెంటును నిలదీస్తే చెప్పాడట, మిలటరీవాళ్లు విమానాల మీంచి ఫొటోలు తీసే పెద్ద చుట్టలు, గడువు తీరి పారేసినవి, పట్నంలో ఎవరో ముక్కలు కోసి ఈ డబ్బాల్లో నింపుతున్నారని. దాన్ని ఏ దేశంలో ఎవరు చేశారో ఏజెంటుకే తెలియదు. ఆ ఫిల్ముకు ఎరుపు బాగా కనపడుతుంది. అందుకే ఎర్ర బల్బు కింద మాడిపోయింది. మొహాలు తెల్లగా వచ్చిందీ అందుకే. కుంకుమ కూడా తెల్లబడి చర్మంలో కలిసిపోయిందీ అందుకే. ఇదంతా ఆయనకు ఎప్పుడో తెలుసు. పోయి ఆ ముసలావిడతో ఈ ముక్క చెప్పు, ఒక పిల్ల కాపురం నిలుస్తుంది అన్నాను. చెబితే మనం దొంగ సరుకు వాడినట్టు మన నోటితో ఒప్పుకున్నట్టే, కార్డుల పని పోతుంది, బోర్డు చూసి ఊరంతా నవ్వుతుంది అన్నాడు. నల్లరంగుతో ఒక చుక్క పెట్టి ఇచ్చెయ్, సరిపోతుంది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అబద్ధానికి బొట్టు పెట్టే పని నా వల్ల కాదని చెప్పాను.

మర్నాడు తలస్నానం చేసి, ఎర్రటి కుంకుమ రూపాయంత దిద్దుకుని, కెమెరా ముందు కుర్చీలో కూర్చున్నాను. తియ్యి అన్నాను. ఆయనకు అర్థమైంది. కాసేపు బల్బులు సర్దాడు, కాసేపు నల్లగుడ్డ దులిపాడు. ఫికర్ ఎందుకు, అది ఉత్త ఫిల్మే గదా అన్నాను. చివరికి తీశాడు.

అచ్చువేసే కాగితానికి ఎర్ర బల్బు పనికొస్తుంది కాబట్టి ఆ రోజు ఇద్దరం ఆ వెలుగులోనే నిలబడ్డాం. మందులో కాగితం మీద ముందు జుట్టు వచ్చింది, తర్వాత కళ్లు, తర్వాత నొసలు. నున్నగా, బోసిగా ఉంది. కారణం తెలిసిన నాకే గుండె జారింది. ఫిల్ము గుణం నాలుగు ముక్కల్లో విడమరిచి చెప్పిన మనిషి, ఆ కాగితాన్ని చూడలేక తల తిప్పుకున్నాడు.

"చింపెయ్యే. ఇంట్ల ఉండొద్దు అది."

"నీకే గిట్లుంటె, ఆ ముసల్దానికి ఎట్లుండాలె?" అన్నాను.

ఆయన ఆ ఫొటోను చింపలేదు, ఆరబెట్టాడు. సాయంత్రం చొక్కా మార్చుకుని, నువ్వు కూడా రా అన్నాడు.

ముసలావిడ ఇంటి ముందు మంచం వేసింది. కొడుకు చేతికి కట్టుతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన కూర్చోలేదు. డబ్బా మీది పేరు అబద్ధమనీ, లోపలిది ఎవలు చేసిన్రో తనకు తెల్వదనీ, అది ఎరుపును మింగుతదనీ చెప్పాడు. "తప్పు నాది అవ్వా, పిల్లది కాదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. నీకు ముందే ఎరుకనా అని ఆమె అడిగింది. ఎరుకే అన్నాడు. నేను నా ఫొటో ఇచ్చాను. ఆమె దాన్ని దీపం దగ్గరికి తీసుకుపోయి చూసింది. వచ్చి నా గదవ పట్టుకుని, నొసటి మీది కుంకుమను వేలితో తాకి, వేలిని చూసుకుంది. మా ఆయన బతికి ఎదురుగా నిలబడే ఉన్నాడు. ఆయనను కూడా పైనుంచి కిందికి చూసింది.

"ముత్తయిదువవు, గింత పని చేసినవు" అని నన్ను తిట్టినట్టే అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, పొద్దున బస్సుకు పోయి పిల్లను తోలుకరమ్మంది.

పిల్ల తిరిగొచ్చింది. మా దుకాణం మాత్రం ఆయన అన్నట్టే అయింది. బోర్డు మీది ఫారిన్ మాట ఆయనే సున్నం పూసి చెరిపాడు. కార్డుల పని ఇంకో స్టూడియోకు పోయింది. మిగిలిన డబ్బాలను పెరట్లో తగలబెట్టాం. ఆడవాళ్లు మాత్రం జంట ఫొటోలు కొంగు కింద దాచుకుని వచ్చేవారు. మాది ఏ ఫిల్ము అక్కా, మాది మంచిదేనా అని అడిగేవారు. ఎవరు చేసిన ఫిల్మో అని అడుగుతున్నారనుకున్నాను మొదట్లో. వాళ్లు అడుగుతున్నది మొగుడి ఆయుష్షు. ఫిల్ము సంగతి ఎంత విడమరిచినా చివరికి బొట్టు చూపించి మంచిదే గదా అనేవారు. అవును, పాత సరుకే, నల్లగా పడింది చూడు అనేదాన్ని. ఊపిరి పీల్చుకుని పోయేవారు. నాకు మాత్రం లోపల ఏదో బెరుకుగానే ఉండేది.

చలికాలంలో ఒక రోజు, షిఫ్టు మారే వేళ కాని వేళ, సైరన్ మోగింది. వేళ కాని సైరన్‌కు మా దగ్గర ఒకటే అర్థం. పొయ్యి మీది కుండలు పొయ్యి మీదే వదిలి ఆడవాళ్లంతా బాయి దగ్గరికి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. ఆ పిల్ల మొగుడు లోపలున్నాడు. ముసలావిడ దూరంగా నిలబడి నా మొహం చూడటం లేదు. పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది, చెయ్యి మంచుముక్కలా ఉంది. ఇప్పుడు గనక అతను శవమై వస్తే మా ఆయన ఒప్పుకున్న నిజం, నా ఫొటో, అన్నీ బూడిదే. ఫొటో చెప్పిందే నిజమైందంటారు. ఆ పిల్లను ఇక ఎవరూ బతకనివ్వరు. దేవుడా దేవుడా అనుకున్నాను.

అతను వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, నడుచుకుంటూనే వచ్చాడు. ముసలావిడ కొడుకును వదిలి ముందు కోడలిని పట్టుకుని ఏడ్చింది.

వాళ్ల వెనక, మొహం దాకా గుడ్డ కప్పిన స్ట్రెచర్ వచ్చింది. దాని మీద ఉన్నది మా వెనక వరుస క్వార్టర్లలో, ముసలావిడకు నాలుగిళ్ల అవతలి మనిషి. ఆయన భార్య కింద కూలబడి, తలెత్తి గుంపులో అందరినీ చూసి, నన్ను గుర్తుపట్టింది. పాక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది.

"అక్కా, మా ఫొటోల బొట్టు నల్లగ మంచిగ వచ్చింది గదా. నువ్వే గదా సూపెట్టినవు?"

అది అసలైన ఫిల్మే. డబ్బా మీద ఎవరి పేరుందో వాళ్లు చేసిందే. కింద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను.

"వచ్చింది చెల్లె," అన్నాను. "మంచిగనే వచ్చింది."