లారీల నడుమ తొమ్మిదిమందిమి

మాకు అంతకుముందు వచ్చిన ఆట ఒక్కటే, ఖోఖో. అందులో మాత్రం ముత్తంగి చౌరస్తా చుట్టుపక్కల మమ్మల్ని కొట్టే టీమ్ లేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కొత్తగా వచ్చిన పీఈటీ మేడం ఒకరోజు గోనెసంచి తెచ్చి మా ముందు కుమ్మరించింది. రెండు బ్యాట్లు, కుట్లు ఊడిన గ్లవ్స్, పెద్ద బత్తాయంత బంతి. "ఇగ మీరు సాఫ్ట్‌బాల్ ఆడుతరు" అంది. ఆడతారా అని అడగలేదు, ఆడుతారని చెప్పేసింది. నాకు అలా చెప్పేవాళ్ళంటే ఒళ్ళుమంట. కానీ ఆ బంతి చేతికి తగిలిన చప్పుడు నచ్చింది, నోరు మూసుకున్నాను.

ఆట అర్థం కావడానికి పెద్ద కష్టమేం లేదు. బంతిని కింది చేత్తో విసురుతారు, బ్యాట్‌తో కొట్టాలి. కొట్టి మూడు బేస్‌లు చుట్టి, బయల్దేరిన చోటికే, అంటే హోమ్ ప్లేట్‌కు తిరిగి రావాలి. వస్తే ఒక పరుగు. మధ్యలో బేస్ వదిలి ఉన్నప్పుడు, బంతి చేతిలో ఉన్న అమ్మాయి వచ్చి ముట్టిందంటే అవుట్. ఇది వినగానే మేమంతా పడీపడీ నవ్వుకున్నాం. ముట్టకుండా తప్పించుకోవడం మాకు ఇంకొకరు నేర్పాలా?

ఆ పొగరుతోనే అమీన్‌పూర్ వైపు ఒక బడితో మొదటి మ్యాచ్‌కు వెళ్ళాం. మా టీమ్‌లో అందరికన్నా జోరుగా పరుగెత్తేది ఎనిమిదో తరగతి పిల్ల. బక్కపల్చటిది, గాలికి ఎగిరిపోతుందా అన్నట్టుండేది. రెండో బేస్‌కు వెళ్తుంటే ఎదురుగా ఒకమ్మాయి బంతి పట్టుకుని వచ్చింది. మా పిల్ల ఖోఖోలో లాగా ఒంగి, పక్కకు జారి, గడ్డిలోకి ఉరికింది. ఇద్దరు వెంటపడ్డారు, దొరకలేదు. నలుగురు వెంటపడ్డారు, అయినా దొరకలేదు. గ్రౌండంతా తిప్పి తిప్పి చివరికి బేస్ మీదకు వచ్చి నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది. మేం గంతులేస్తూ ఈలలు వేశాం. అంపైర్ సార్ ఆమెను ఎప్పుడో అవుటిచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

నేను సార్ మీదికి వెళ్ళాను. "ముట్టనే లేదు సార్! ఒక్కలన్న ముట్టిన్రా అడుగున్రి!"

"బేస్‌కు వొయ్యే తొవ్వ ఇడిసిపెట్టి గడ్డిల ఉరికినంక ముట్టుడెందుకమ్మా? అవుటే."

ఆ రోజు చిత్తుగా ఓడాం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను అంపైర్‌ను తిడుతూనే ఉన్నాను. మా పిచ్చర్, అంటే బంతి విసిరే అమ్మాయి, నా పక్కనే కూర్చుంది. వాళ్ళ అబ్బాకు సర్వీస్ రోడ్డు మీద పంక్చర్ షాపు. నేను ఎంత దుడుకో ఆమె అంత నిదానం. "గుస్సా ఎందుకే? తొవ్వ ఇడువకుంట ఎట్ల తప్పించుకోవాలో సోచాయించు" అంది. దారి మేడమే చూపించింది. ఖోఖోలో తరిమేవాళ్ళు ముందుకు దూకి మనిషిని ముడతారు కదా, అలాగే దూకి చేత్తో బేస్‌ను ముట్టమంది. ఆ దూకుడు మాకు పుట్టుకతో వచ్చిందే. మట్టిలో దూకీ దూకీ మా యూనిఫాం జేబులు చిరిగిపోయాయి, ఇంట్లో అమ్మల చేత చీవాట్లు తిన్నాం. ఆ వానకాలమంతా మేం ఎంతో సంతోషంగా ఉన్నాం.

అప్పుడే లారీలు వచ్చాయి.

గ్రౌండులోకి మొదట దూరిన లారీ మాదే. రింగురోడ్డు కింద పొలం పోయాక మా నాయిన కొన్న లారీ అది. గోదాముల సరుకు, ఫ్యాక్టరీల డ్రమ్ములు, ఏ లోడు దొరికితే అది వేసేవాడు. రాత్రి రోడ్డు పక్కన పెడితే పొద్దున్నకు బ్యాటరీ ఉండదు, ట్యాంకులో డీజిల్ ఉండదు. ఒకసారి రెండూ పోయాయి. బడికి ప్రహరీ ఉంది, రాత్రి పిల్లలుండరు, ఒక మూల పెట్టుకుంటానని అడిగాడు, బడివాళ్ళు సరే అన్నారు. మాది చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి వేరేవాళ్ళు. రాత్రి పెట్టినవి పొద్దున్నే తీయడం మానేశారు. ముందు గ్రౌండు కుడివైపు అంచు పోయింది, తర్వాత సగం గ్రౌండు పోయింది. మేం బేస్‌లను లోపలికి, ఇంకా లోపలికి జరుపుకుంటూ ఆడాం. బంతి లారీల కిందికి దొర్లితే పాకుతూ వెళ్ళి, మొహానికి గ్రీజు పూసుకుని బయటికి వచ్చేవాళ్ళం. ఒకసారి బండి కింద వంట చేసుకుంటున్న బిహారీ డ్రైవర్ బంతిని పప్పులోంచి గంటెతో తీసి చూపించాడు. "అరే బేటీ, దాల్ మే గిర్ గయా!" అని తనే నవ్వాడు.

"మీ నాయిన లారీ మంచిగాడ్తుందే, సెకండ్ బేస్ ఇడుస్తనే లేదు" అని మావాళ్ళు నన్ను ఏడిపించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల తల కొట్టేసినట్టు ఉండేది.

ఒక సాయంత్రం మా హెడ్‌మిస్ట్రెస్ పెద్దమేడం గదిలో మీటింగ్ పెట్టారు. బడి కమిటీవాళ్ళు, లారీల ఓనర్లు, వాళ్ళలో మా నాయిన. గ్రౌండుకు కంకర పోసి, పెద్ద గేటు పెట్టి, పూర్తిగా లారీలకే ఇచ్చేయాలట. బదులుగా ఓనర్లంతా కలిసి బడికి బాత్రూములు కట్టిస్తారట. పెద్దమేడం పాపం ఏమంటుంది? మా బాత్రూములకు తలుపులే లేవు. పీఈటీ మేడం ఒక్కతే అడ్డం పడింది. "జిల్లా పోటీలయ్యేదాంక ఆగున్రి. గెలిస్తే వీళ్ళు రాష్ట్రానికి పోతరు, గ్రౌండు లేకపోతే ఏడ ఆడుతరు?"

"ఆగుదాం మేడం" అన్నాడు మా నాయిన. "ఓడి రాంగనే కంకర పోద్దాం."

గది గదంతా నవ్వింది. నేను కిటికీ బయటే గ్లవ్స్ సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. చెవులు మండిపోయాయి. ఇంటికి వచ్చాక అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని అడిగేశాను.

"అందరి ముందల గట్లెట్ల అంటవ్ నాయినా?"

"ఉన్నమాటన్న బిడ్డా. మనకు కూడు వెట్టేది బండా, బంతా?"

ఆయన అబద్ధం ఆడలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆ గ్రౌండు పోతే మాకు ఆట పోయినట్టే, తొమ్మిదిమందిమి ఎవరి దారిన వాళ్ళం పోయినట్టే.

జిల్లా పోటీలకు ముందు పటాన్‌చెరులో జోనల్ పోటీలు జరిగాయి. అక్కడ మా కొంప మునిగినంత పనైంది. మా బక్కపిల్ల మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు బాణంలా వెళ్ళింది, అద్భుతంగా దూకింది, దుమ్ములో బోర్లా పడి చెయ్యి చాచింది. చేతికింద మట్టి తప్ప ఏమీ లేదు. బేస్ ఇంకా అంత దూరాన ఉంది! ఆ పిల్ల తలెత్తి, "మేడం, బేస్ ఏడవోయింది?" అని అరిచింది. అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత ఇంకొకతె అలాగే పడింది, ఆ తర్వాత నేనూ పడ్డాను. లారీలకు జడిసి బేస్‌లు జరుపుకుంటూ జరుపుకుంటూ మేం మా గ్రౌండునే కురచ చేసుకున్నాం, మా కాళ్ళకు ఆ కురచ దూరమే అలవాటైంది. ఆ రోజు మమ్మల్ని కాపాడింది మా పిచ్చర్. ఎదుటివాళ్ళకు బంతి కనిపించనివ్వలేదు మహాతల్లి. ఒక్క పరుగు తేడాతో బయటపడ్డాం.

మర్నాడు మేడం తాడుతో సరైన దూరం కొలిచింది. మా గ్రౌండులో ఆ దూరం పట్టలేదు, తాడు పోయి లారీ టైరుకు తగిలింది. ఊరి బయట ప్లాట్లు చేసి వదిలేసిన వెంచర్ ఒకటి ఉంది. ఇళ్ళు లేవు, హద్దురాళ్ళు, నల్లటి రోడ్లు మాత్రం ఉన్నాయి. పొద్దున్నే అక్కడికి వెళ్ళి సరైన దూరం పరుగెత్తేవాళ్ళం. కానీ తారు రోడ్డు మీద దూకితే తోలు ఊడుతుంది. అందుకని పరుగు అక్కడ, దూకడం సాయంత్రం గ్రౌండులో. రెండూ కలిపి ఒక్కసారి కూడా చేయకుండానే జిల్లా పోటీలకు సంగారెడ్డి వెళ్ళాం.

ఫైనల్ నిరుడు గెలిచిన టీమ్‌తోనే. మంచి పిల్లలు, పాపం, మాకు హెల్మెట్ తక్కువైతే తమది ఇచ్చారు. ఆటలో మాత్రం ఊపిరి సలపనివ్వలేదు. నేను క్యాచర్‌ను, పిచ్చర్‌కు ఎదురుగా హోమ్ ప్లేట్ వెనక కూర్చుని గ్రౌండంతా చూస్తూ అందరినీ పురమాయించడం నా పని. ఆ రోజు అరిచీ అరిచీ గొంతు పోయింది. ఒకరు బంతి వదిలితే ఇంకొకరు తిట్టలేదు, వెనకే పరుగెత్తి పట్టుకొచ్చారు. చివరి ఇన్నింగ్స్‌కు ఇద్దరివీ నాలుగేసి పరుగులు. వాళ్ళ బ్యాటింగ్ అయిపోయింది, ఇక మాది. ఒకరు అవుట్. నేను ఎలాగో మూడో బేస్ చేరాను. ఇక నేను ఇంటికి, అంటే ప్లేట్‌కు చేరితే కప్పు మాదే. బ్యాట్ పట్టుకుంది మా పిచ్చర్, బ్యాటింగ్‌లో మాలో అందరికన్నా వెనకబడినది.

"గుడ్డిగ కొట్టకే! చూసి కొట్టు!" అని అరిచాను.

"నువ్వు చుప్ ఉంటె కొడత!" అంది.

కొట్టింది. బంతి గట్టిగా పోలేదు, రెండో బేస్ వైపు దొర్లింది. నేను అప్పటికే పరుగులో ఉన్నాను. ఎదుటి క్యాచర్ ప్లేట్ ముందు కాళ్ళు చాచి నిలబడింది, బంతి కోసం చెయ్యి ఎత్తింది. నా ఒళ్ళు 'దూకు' అంది. మా గ్రౌండులో అయితే అక్కడే దూకాలి. వద్దు, ఇంకో రెండు అడుగులు అని పళ్ళు బిగబట్టాను. నా బతుకులో అంత కష్టపడి నన్ను నేను ఆపుకున్నది లేదు. బంతి ఆమె గ్లవ్‌లో పడిన చప్పుడు వినిపించింది. అప్పుడు దూకాను, ఆమె కాలు పక్కనుంచి, చెయ్యి ముందుకు చాచి. మోచేతుల తోలు లేచిపోయింది. అరచేతి కింద ప్లేట్ తగిలింది, ఆ తర్వాతే ఆమె గ్లవ్ నా వీపు మీద పడింది.

"సేఫ్!"

నేను లేవకముందే ఎనిమిదిమందీ నా మీద పడ్డారు. ఊపిరాడలేదు. ఏడుస్తున్నామో నవ్వుతున్నామో ఎవరికీ తెలియదు. మేడం తన విజిల్‌ను ఆపకుండా ఊదుతూనే ఉంది.

పిచ్చర్ వాళ్ళ అబ్బా ట్రాలీ ఆటో తెచ్చాడు. సంగారెడ్డి నుంచి ముత్తంగి దాకా హైవే పొడుగునా ట్రాలీలో నిలబడి అరుస్తూ వచ్చాం. ఎదురొచ్చిన ప్రతి లారీ హారన్ కొట్టింది. బడి గేటులోకి వచ్చేసరికి సాయంత్రమైంది. మా అమ్మలు, ఊళ్ళోవాళ్ళు, పిల్లలు చాలామంది పోగయ్యారు. "అందరు గ్రౌండుల నిలవడున్రి, కప్పు చూపిద్దాం" అంది పెద్దమేడం. ఎక్కడ నిలబడతారు? గ్రౌండు నిండా లారీలే. అమ్మలు టైర్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు. కప్పు పైకెత్తితే వెనకున్నవాళ్ళకు కనిపించనే లేదు.

ఓనర్లు ఒక పక్కన చాయ్ తాగుతున్నారు. "శబాష్ పిల్లలు!" అన్నాడు ఒకాయన. "మీటింగుల శాలువలు కప్పుదాం."

"గ్రౌండు సంగతేంది?" అని అడిగాను.

"గది వేరే సంగతమ్మా."

నా ఒళ్ళు భగ్గుమంది. నేరుగా మా నాయిన దగ్గరికి వెళ్ళాను. ఆయన మా లారీ బంపర్ మీద చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఊరంతా చూస్తోంది.

"నాయినా, బండి తియ్యి."

ఆయన నా మొహం చూడలేదు, మోచేతులు చూశాడు. "గవేంది?"

"హోమ్ ప్లేట్ కాడ దునికిన. గెల్సినం. రాష్ట్రానికి పోతున్నం. రేపు పొద్దుగాల ప్రాక్టీస్."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, తువ్వాల దులుపుకుని, క్యాబిన్ ఎక్కాడు.

"ఏమన్నా, ఎటు?" అన్నాడు ఆ శాలువల ఓనర్. "రాత్రికి యాడ వెడ్తవ్? బ్యాటరీ వోతది."

"ధాబా ఎన్క పెడ్త. బండ్లనే పండుకుంట. ఎవడొస్తడో సూస్త."

"మరి బాత్రూములు?"

"రాష్ట్రానికి పోయే పిల్లలకు బాత్రూములు కట్టమని ఆఫీసుకు పోయి అడుగుదాం. నేనొస్త, నువ్వు గూడ రా."

ఇంజను స్టార్ట్ అయింది. రెండు పక్కలా లారీలే, గేటు వెనక వైపుంది, క్లీనర్ ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాడు. మా నాయిన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎన్కకు వొయ్యి సూడు బిడ్డా, నాకు కనవడ్తలేదు."

నేను లారీ వెనకకు పరుగెత్తి, వెనక తలుపు డాలా మీద అరచేత్తో కొట్టాను. "రానీ! రానీ! జెర డ్రైవర్ దిక్కు కొట్టు!" మిగతా ఎనిమిదిమందీ రెండువైపులా నిలబడి జనాన్ని పక్కకు జరిపారు.

"జెర గట్టిగ చెప్పు బిడ్డా, ఇనవడ్తలేదు!"

పోయిన గొంతుతోనే అరిచాను. లారీ మెల్లగా వెనక్కి కదిలి గేటు దాటింది. లోపల ఇంకో లారీ ఇంజను స్టార్ట్ అయింది.