పసుపు పూసిన పట్టాలు

మాది వరంగల్ జిల్లా చిట్యాల దిక్కు. పెళ్లై కేసముద్రం వచ్చేదాకా రైలు కూత కూడా విననిదాన్ని. అలాంటి నేను రైలుదారి వేశానంటే నవ్వు రాదా మరి? నేను చెబుతుంటే రాస్తున్న మా కోడలు అప్పుడే నవ్వుతోంది.

మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. బస్తాలు దించడం అయ్యాక స్టేషన్‌లో కూర్చుని రైళ్లు చూసేవాడు. ఒకసారి పట్నం నుంచి ఆటరైలు పెట్టె తెచ్చాడు. అందులో చిన్న ఇంజను, డబ్బాలు, పట్టాల ముక్కలు, కరెంటు పెట్టె. "బల్ల మీద మన ఊరంత కట్టి నడిపిస్త, సూడవ్వా" అని వాళ్లమ్మకు, అంటే మా అత్తకు, మాటిచ్చాడు. విప్పకముందే గుండె ఆగి పోయాడు.

తెలంగాణ కోసం సమ్మె కట్టి రైళ్లు ఆపిన రోజులవి. యార్డు బందు, నాకు కూలీ బందు. అత్త కండ్లలో పొర ముదిరింది. వరంగల్ దవాఖానకు తీసుకుపోదామంటే రైళ్లూ లేవు, బస్సులూ లేవు.

"వాడు తెచ్చిన రైలు నడుస్తె ఒక్కపారి సూద్దునే. దినాం ఇంతింత మసకైతాంది" అంది అత్త.

ఆమె చూపు పోకముందే రైలు నడవాలి. అంతే, పెట్టె దించాను.

లోపలి కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగే కూడబలుక్కుంటే తప్ప రాదు. బొమ్మలు చూసి పట్టాలు బిగించాను. గుండ్రంగా రావాల్సిన దారి పొట్లకాయలా వంకరపోయింది. వంపు ముక్కలు మూలలకని, సాపు ముక్కలు మధ్యకని తెలిసేసరికి నా వేళ్లు వాచాయి. పాత తలుపే బల్ల. దాని మీద ఎర్రమట్టి, పెండ కలిపి అలికాను. అగ్గిపెట్టె స్టేషన్, తంగేడు రెమ్మలు చెట్లు. యార్డు ముందు నిజం మక్క గింజలే కుప్ప పోశాను. కోడి వచ్చి ఆ యార్డును ఖాళీ చేసి పోయింది. మళ్లీ పోశాను.

అంతలో దసరా వచ్చింది. బండికి పూజ కాకుండా తాళం తిప్పడం మా ఇంటావంటా లేదు. అందుకే ఒక్కసారైనా నడిపి చూడలేదు. ఇంజనుకు, చక్రాలకు, పట్టాల పొడవునా నూనెలో కలిపిన పసుపు పట్టించాను. చక్రాల కింద నిమ్మకాయ పెట్టాలి కదా. ఎంత చిన్నది ఏరి తెచ్చినా ఇంజను దాని మీద మేకలా ఎక్కి నిలబడింది.

వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. "రైళ్లన్ని ఆగినా నాది ఆగది" అని పక్కింటి అక్కతో ముందే గొప్పలు పోయాను. అత్తను బల్ల ముందు కూర్చోబెట్టి, నిమ్మకాయ తీసి మీట తిప్పాను. ఇంజను ఉలకలేదు. ఇంకా తిప్పాను. పలకలేదు.

"ఏందే, నీ రైలు గూడ సమ్మెల ఉన్నదా?" అంది పక్కింటి అక్క.

"జర ఆగక్కా, ఇంజను వేడెక్కాలె."

"ఇంజనేమో గని, నీ మొకమైతే వేడెక్కింది!"

అందరూ పడీపడీ నవ్వారు. అత్త కసిరింది. "నవ్వకుర్రి. అన్ని రైళ్లు బందుండంగ మనదొక్కటే ఉరికితె మంది ఏమంటరు? అవి నడిచిన్నాడే మనది నడుస్తది."

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి పోయారు. నా తల మాత్రం లేవలేదు.

రైళ్లు మొదలైన రోజు పొద్దున్నే గూడ్సు కూసింది. అత్త లేచి కూర్చుంది. "ఇగ మనది నడుపు" అంది. ఇంజను కొంగులో కట్టుకుని, బాయి మోటర్లు బాగుచేసే మా వాడకట్టు పిల్లగాడి దగ్గరికి ఉరికాను.

అతను దాన్ని తిప్పి చూసి నెత్తి పట్టుకున్నాడు. "అక్కా, పట్టాలకెంచి చక్రాలకు, చక్రాలకెంచి మోటరుకు కరెంటు ఎక్కాలె. గింత నూనె, పసుపు పూస్తె ఎట్లెక్కుతది? గిదేమన్న పెండ్లిపిల్లా?"

చక్రాలను అతనే తుడిచిచ్చాడు. పట్టాలను కిరసనాయిలు గుడ్డతో నేను రుద్దాను. ఇంజను నెత్తిన ఉన్న పసుపు మాత్రం తుడవబుద్ధి కాలేదు. మీట తిప్పాను. కదిలింది.

అత్త మొహం ముందుకు చాపి వెతికింది. "కనవడుతాందే! పచ్చగ పోతాంది, సూడు!"

వంపు దగ్గర నా అలుకు దిబ్బలా లేచి ఉంది. ఇంజను అది ఎక్కి, ఒరిగి, మక్కల కుప్పలో బోర్లా పడింది.

"ఏమాయెనే? ఆగింది?"

"కేసముద్రమొచ్చింది, అత్తమ్మా."

"ఆగనియ్యి మరి" అంది అత్త. "బస్తాలు దించుకోనియ్యి."