పాత గోడకు కొత్త సున్నం

అండమాన్‌లో మాయాబందర్ జెట్టీ దగ్గర నా కొట్టు ముందు నుంచి అప్పలరాముడు ఎప్పుడూ తల దించుకునే వెళ్లేవాడు. సునామీలో అతని పడవ రాళ్లకు కొట్టుకుని రెండు ముక్కలైంది. తరవాత కొత్త పడవ వచ్చినా ఎక్కలేదు. నీళ్లు చూస్తే వణుకు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన జాలరి ఇళ్లలో ఒడ్డున కూర్చునే మగవాడు అతనొక్కడే. చేపలు ఏరే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏటి రాముడన్నా, నీకూ ఓ గంప ఇమ్మంటావేటి?"

ఊరి చివర ఒడ్డున ఇంగ్లీషువాళ్ల కాలపు ఇటుక గోదాము ఉంది. కప్పు ఎప్పుడో పోయింది. మొండిగోడలు మిగిలాయి. పాత కట్టడాల ఆఫీసువాళ్లు దానికి అప్పలరాముణ్ణి చౌకీదారుగా పెట్టారు. ఆ ఉద్యోగం పోతే మళ్లీ సముద్రమే గతి.

పోర్ట్ బ్లెయిర్ దగ్గర ప్రోతరాపూర్‌లో పెరిగిన ప్రత్యూష అనే ఆఫీసరమ్మ అతనికో పెద్ద బొమ్మ ఇచ్చింది. మధ్యధరా సముద్రం ఒడ్డున రోమన్ల నాటి స్తంభాలు, విరిగిన కమాను, వెనక నీలం నీళ్లు.

"మన గోదాము కూడా ఇలా ఉండాలి భయ్యా. దూరదేశాల నుంచి చూడ్డానికొస్తారు."

అప్పలరాముడు చాలాసేపు చూశాడు. "అక్కడా సునామీ వొచ్చిందా మేడం?"

"లేదు. రెండు వేల ఏళ్ల నాటివి. అలాగే ఉంచారు."

"అలగే ఉంచీసినారా!" అని నిట్టూర్చాడు. పాపం, బాగుచేసే దిక్కు లేదనుకున్నాడు.

కొన్నాళ్లకు పోర్ట్ బ్లెయిర్ నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. భార్య తవిటమ్మ గోడలు చూసి నడుం మీద చెయ్యి పెట్టింది.

"పెద్దోలు వొస్తంటే ఈ నాచు గోడలు సూపిత్తావేటి మావా? మన ఇంటికైతే సున్నం కొట్టమా?"

కొట్టారు. మొగుడూ పెళ్లాం పొద్దస్తమానం కష్టపడ్డారు. కింద జాజుతో ఎర్ర పట్టె, గడపకు పసుపూ కుంకుమా, పైన మామిడి తోరణం. చిన్న పెళ్లి చేసుకోవచ్చు. సునామీ తరవాత అతను తలెత్తి నా కొట్టుకు రావడం అదే మొదలు. "ఓపాలి సూసి రండి బాబూ" అన్నాడు. వెళ్లాను. బాగుందన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

మర్నాడు జీపు దిగిన ప్రత్యూష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనకున్న పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అరే భయ్యా, యే క్యా కర్ దియా? ఆ పాతదనం చూపించడానికే కదా వీళ్లని తీసుకొచ్చాను!"

ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని చంపింది. గోడ వైపు, ఆమె వైపు, మళ్లీ గోడ వైపు చూశాడు. మరుక్షణం ఒడ్డుకు పరుగు. అక్కడ బావమరిది లోకనాథం వేటకు పడవ తోస్తున్నాడు. అప్పలరాముడు అందులోకి దూకి వలల కింద దూరాడు.

"తొయ్యిరా, తొయ్యి!"

"ఎక్కడికి?"

"ఆ పెద్దోలు కనబడని సోటికి!"

ఒడ్డు బాగా దూరమయ్యాక లోకనాథం అడిగాడట, "బావా, ఎక్కడున్నావో సూసుకున్నావేటి?"

వల కింద నుంచి తల బయటికొచ్చింది. నాలుగు వైపులా నీళ్లు. వణుకు మొదలైంది కూడా. అంతలో దూరాన, ఎండలో మెరుస్తూ, తెల్లటి గోదాము కనిపించింది.

"ఇంకా లోనికి పోనీ" అన్నాడట.

ఒడ్డున తవిటమ్మ ఆఫీసర్లకు అడ్డంగా నిలబడింది. "సున్నం మాట నాదేనమ్మా. కడిగీదాన్ని కూడా నానే. ఆయన్ని తీసీకండి."

"నౌకరీ నహీ జాయేగీ దీదీ," అంది ప్రత్యూష. "మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు. గట్టిగా రుద్దొద్దు."

ఉద్యోగం నిలిచింది గానీ అప్పలరాముడు ఆ గోడల ముందుకు రాలేకపోయాడు. ఇప్పుడు చౌకీదారు తవిటమ్మే. సున్నం చాలావరకు పోయింది, ఓ మూల ఎర్ర పట్టె మాత్రం వదల్లేదు. వచ్చినవాళ్లు దానికే ఫొటోలు తీసుకుంటారు. అప్పలరాముడి పడవ అటుగా పోయేటప్పుడు అతని ముఖం అవతలి వైపు తిరిగి ఉంటుంది.

ఆడవాళ్లు ఇప్పుడూ ఊరుకోరు. "రాముడన్నా, సంద్రం బయ్యం ఎలగ పోనాదేటి?"

"ముందు సేపలు ఏరండే" అంటాడు, తలెత్తకుండా.